డ్రైనేజీ పైపు జాయింట్లు: రింగు, సొల్యూషన్, ఎపాక్సీ, సిలికాన్ అన్నీ వాడాక నా రివ్యూ

విజయనగరంలో మా ఇంటి వెనక బాత్రూమ్ లైను, వంటింటి సింకు లైను రెండూ నేనూ మా తమ్ముడూ కలిసి విప్పి మళ్లీ బిగించుకున్నాం. ఆ పనికి కొన్నవాటిలో ఏది దేనికి పనికొస్తుందో, ఏది దేనికి పనికిరాదో రాస్తున్నాను. మన ఊళ్లలో హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి "డ్రైనేజీ పైపు జాయింటు కారుతోంది, ఏదైనా ఇవ్వండి" అంటే చాలాచోట్ల చేతిలో పెట్టేది ఎపాక్సీ ముద్ద (ఎంసీల్ అంటామే అది) ప్యాకెట్టు, లేదంటే సిలికాన్ ట్యూబు. రెండూ మంచి వస్తువులే, కానీ ఆ జాయింటు కోసం చేసినవి కావు. దాని కోసం చేసింది నల్లటి రబ్బర్ రింగు. మనం అడగం, అడగకపోతే వాళ్లు ఇవ్వరు.

మా వెనక గోడకి ఎప్పుడూ నెమ్ము ఉండేది. రంగు పెచ్చులుగా ఊడిపోయేది, వానాకాలం అయితే లోపలి గదిలోకి కూడా వాసన వచ్చేది. ఇల్లు కట్టినప్పుడు వేసిన 110 మిల్లీమీటర్ల లైను అది, అందరం నాలుగంగుళాల పైపు అంటామే అదే. జాయింటు చుట్టూ సిమెంటు, దాని మీద ఎపాక్సీ ముద్ద, దాని మీద ఇంకో ముద్ద. బయటికి చూస్తే చాలా గట్టిగా ఉంది. అంతా కొట్టి పైపు లాగితే సాకెట్టు (ఇంకో పైపు దూరే వెడల్పాటి నోరు) లోపల రింగు కూర్చోడానికి గాడి ఉంది, గాడిలో రింగు మాత్రం లేదు. కంపెనీ వాడు రింగు కోసమే గాడి పెట్టి ఇచ్చిన పైపుకి రింగు వెయ్యకుండా బయట సిమెంటు పూశారన్నమాట. ఇది చాలా ఇళ్లలో ఉంది. మీ గోడ కూడా పైపు వెంబడే నెమ్మెక్కుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

బయట ఎంత గట్టిగా పూసినా ఎందుకు ఆగదంటే, పీవీసీ పైపు కదులుతుంది. ఎండకి సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. 3 మీటర్ల పైపు 30 డిగ్రీలు వేడెక్కితే 5 మిల్లీమీటర్ల పైనే పొడవు పెరుగుతుంది. మే నెల ఎండలో పడమటి గోడ మీదున్న పైపుని మధ్యాహ్నం చేత్తో ముట్టుకుని, తెల్లవారుజామున మళ్లీ ముట్టుకుని చూడండి, తేడా మీకే తెలుస్తుంది. సింకు లైనుకి ఎండ కూడా అక్కర్లేదు, అన్నం వార్చిన వేడి గంజి ఒక్కసారి పోస్తే చాలు. సిమెంటు, ఎపాక్సీ రెండూ ఎండాక రాయిలా బిగుసుకుంటాయి, సాగవు. లోపల పైపు రోజూ ఇటూ అటూ జరుగుతుంటే ఆ పూత పైపుని వదిలేసి వెంట్రుకవాసి సందు ఇస్తుంది. ఆ సందు కంటికి కనపడదు, నీళ్లకి మాత్రం సరిపోతుంది.

"డ్రైనేజీలో ప్రెషర్ ఉండదు కదా, ఏది పూసినా చాలు" అనే మాట కూడా విన్నాను. లైను ఖాళీగా పారుతున్నంతసేపూ అది నిజమే. కింద ఎక్కడో గుడ్డ ముక్కో, జుట్టు ఉండో అడ్డం పడిన రోజున నీళ్లు పైపులోనే నిలబడతాయి, అప్పుడు ఆ నీళ్ల ఎత్తంతా కింది జాయింట్ల మీద పడుతుంది. 110 పైపు నిండితే ఒక్క మీటరుకే 8 కిలోల పైన నీళ్లుంటాయి. జాయింటు బలం తెలిసేది ఆ రోజునే.

ఇక రింగు గురించి. నా దృష్టిలో ఈ మొత్తం సామాన్లలో అన్నిటికన్నా తక్కువ ఖరీదైనది, అన్నిటికన్నా ఎక్కువ పని చేసేది ఇదే. షాపులో పైపులు రెండు రకాలు దొరుకుతాయి, రింగ్ ఫిట్, సెల్ఫ్ ఫిట్. రింగ్ ఫిట్ సాకెట్టులో గాడి ఉంటుంది, సెల్ఫ్ ఫిట్ సాకెట్టు నున్నగా ఉంటుంది, దానికి సొల్యూషన్ రాసి అతికించాలి. గోడ బయట ఎండలో నిలువుగా వెళ్లే లైనుకి రింగ్ ఫిట్టే తీసుకోండి. రింగు పైపుని పట్టుకుంటూనే జరగనిస్తుంది, నీళ్లని మాత్రం వదలదు. ఇంకో లాభం కూడా ఉంది, రేపు ఏదైనా అడ్డం పడితే కొయ్యకుండా విప్పుకోవచ్చు.

బిగించడంలో ఓపిక కావాలి గానీ పెద్ద విద్య ఏమీ కాదు. పైపుని నిటారుగా కొయ్యాలి. ఒక పాత పేపరు పైపు చుట్టూ తిప్పి అంచుకి అంచు కలిపి గీత గీస్తే హాక్సా బ్లేడు వంకర పోదు. కోశాక లోపలా బయటా లేచిన పీచుని ఆకురాయితో తీసేసి, బయటి అంచుని చుట్టూ ఏటవాలుగా అరగదియ్యాలి, దాదాపు 15 డిగ్రీల వాలు. అదెందుకు అనిపిస్తుంది, కానీ అన్నిటికన్నా ముఖ్యం అదే. పదునుగా ఉన్న అంచు లోపలికి వెళ్తూ రింగుని గాడిలోంచి నెట్టేస్తుంది, లేదా కోసేస్తుంది. పైనుంచి చూస్తే జాయింటు బాగానే కూర్చున్నట్టు ఉంటుంది, లోపల రింగు మడత పడి ఉంటుంది.

గాడిలో ఇసుక రవ్వ కూడా లేకుండా తడిగుడ్డతో తుడిచి, తర్వాత పొడిగుడ్డతో తుడిచి రింగు పెట్టి వేలితో చుట్టూ తిప్పి చూసుకోండి, ఎక్కడా ఉబ్బుగా తగలకూడదు. పైపు చివరికి లూబ్రికెంటు రాయండి. చిన్న డబ్బాలో తెల్లగా పేస్టులా వస్తుంది, ఎన్ని జాయింట్లకి వాడినా అంత సులువుగా అయిపోదు. అది లేకపోతే చిక్కటి సబ్బునీళ్లు వాడుకోవచ్చు. ఇంజిన్ ఆయిలు, గ్రీజు మాత్రం వద్దే వద్దు. బండి గ్రీజు రాస్తే పైపు జారుగా వెళ్లిపోతుంది, కానీ పెట్రోలియం నూనెలకి రబ్బరు ఉబ్బి మెత్తబడి పాడైపోతుంది. తర్వాత పైపుని కొంచెం తిప్పుతూ చివరిదాకా నెట్టి, సాకెట్టు అంచు దగ్గర పెన్సిలుతో గుర్తు పెట్టి, మళ్లీ 10 మిల్లీమీటర్లు వెనక్కి లాగండి. ఎండకి పైపు పెరగడానికి ఆ 10 మిల్లీమీటర్ల చోటు కావాలి. పని తెలిసినవాళ్లు కూడా చాలామంది ఇక్కడ చివరిదాకా దిగ్గొట్టి వదిలేస్తారు, మా పాత లైను కూడా అలాగే ఉంది.

సాకెట్టు నోరు ఎప్పుడూ నీళ్లు వచ్చే వైపుకే చూడాలి. నిలువు లైనులో అయితే పైకి చూడాలి. తిరగేసి పెడితే నీళ్లు ప్రతి జాయింటు దగ్గరా అంచుకి కొట్టుకుంటూ వెళ్తాయి, చెత్త అక్కడే పేరుకుంటుంది.

రింగులు కొన్న షాపు గురించి కూడా చెప్పాలి. గంటస్తంభం వైపు ఉన్న పాతకాలపు హార్డ్‌వేర్ షాపు అది, పెద్దాయన ఒక్కరే చూసుకుంటారు. నేను ఒక కంపెనీ పైపు, ఇంకో కంపెనీ డోర్ బెండు (విప్పి శుభ్రం చేసుకోడానికి మూత ఉన్న వంపు ముక్క) చేతిలో పట్టుకుని ఉంటే ఆయనే ఆపారు. "పైపు ఎవలదో ఫిట్టింగు కూడా ఆలదే తీస్కోండమ్మా, గాడి కొలత ఒక్కో కంపెనీది ఒక్కోలాగుంటాది, రింగు లూజయిపోద్ది" అన్నారు. "మరి బాబాయ్, ఇంట్లో ఉన్న పాత సాకెట్టుకి ఎలా?" అంటే, ఆ ముక్క కోసి తెచ్చి చూపించమన్నారు, తెచ్చాక నాలుగైదు రకాలు పెట్టి చూసి సరిపోయినదే ఇచ్చారు. అంత చిన్న రింగు కోసం అంతసేపు నిలబడి చూపించేవాళ్లు అరుదు, అందుకే ఆ షాపుకి నా తరఫున పూర్తి మార్కులు. అదే రోడ్డులో ఇంకో షాపులో రింగుల దండ బయట ఎండలో మేకుకి వేలాడుతోంది. అలాంటివి కొనొద్దు. రింగుని రెండు చేతులతో సాగదీసి వెలుతురులో చూడండి, సన్నటి నెర్రెలు కనిపిస్తే రబ్బరు ఎండిపోయిందని అర్థం.

పైపు కొనేటప్పుడు దాని మీద ప్రింటు చదవండి. ఇంటి డ్రైనేజీ పైపుకి ఐఎస్ 13592 అని ఉండాలి. అందులో టైప్ ఎ, టైప్ బి అని రెండుంటాయి. ఎ రకం గాలి గొట్టాలకీ వాననీటి గొట్టాలకీ, బి రకం బాత్రూమ్, లెట్రిన్ లైన్లకి. ఎ రకం పైపు మందం తక్కువ, అందుకే ధర తక్కువ. "తక్కువలో ఇవ్వండి" అంటే అదే వస్తుంది, కాబట్టి నోరు తెరిచి టైప్ బి అని అడగండి.

సింకు కింద లైనుకి మేం సొల్యూషన్ వాడాం. ఇక్కడ రింగుతో పని లేదు, పైపు చిన్నది, పొడవు తక్కువ. సొల్యూషన్ జిగురు కాదన్న సంగతి అర్థమైతే పని సగం వచ్చినట్టే. అది పీవీసీ పైపొరని కరిగిస్తుంది, కరిగిన రెండు పొరలూ ఒకదాంట్లో ఒకటి కలిసి ఆరాక ఒకే ముక్క అయిపోతాయి. అందుకే పైపు మీద దుమ్ము, తడి, జిడ్డు ఉంటే పట్టదు. మన వైపు వానాకాలం గాలిలోనే తేమ ఎక్కువ, పైపు చల్లగా ఉంటే కంటికి కనపడని చెమ్మ పట్టి ఉంటుంది, రాయబోయే ముందు పొడిగుడ్డతో ఒకసారి గట్టిగా తుడవండి. పైపుకీ, సాకెట్టు లోపలికీ రెండిటికీ పల్చగా, చుట్టూ ఖాళీ లేకుండా రాయాలి. నెట్టేటప్పుడు పావు చుట్టు తిప్పి, ఒక అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. వెంటనే వదిలేస్తే పైపు తనంతట తానే కొంచెం వెనక్కి వచ్చేస్తుంది. బయటికి పొంగిన సొల్యూషన్ తుడిచెయ్యండి. నీళ్లు వదలడానికి డబ్బా మీద రాసిన టైము చూడండి, వీలుంటే రాత్రంతా వదిలెయ్యండి.

సొల్యూషన్ డబ్బా కొనేటప్పుడు అది యూపీవీసీదా (అంటే ఈ మామూలు పీవీసీ పైపులది) సీపీవీసీదా చూసుకోవాలి. వేడినీళ్ల లైనుకి వాడే సీపీవీసీ సొల్యూషన్ వేరు. డ్రైనేజీకి యూపీవీసీది చాలు. మూత తెరిస్తే తేనెలా కారాలి, జున్నులా గడ్డకట్టి ఉంటే పారెయ్యండి, థిన్నరు కలిపి పల్చన చేస్తే పట్టు పోతుంది. ఈ మాట మరీ గట్టిగా చెప్తున్నాను: దాని ఆవిరి పెట్రోలులాగే అంటుకుంటుంది. మనం సొల్యూషన్ వాడే సింకు పక్కనే గ్యాసు స్టవ్ ఉంటుంది. స్టవ్ ఆపి, సిలిండర్ రెగ్యులేటర్ కూడా కట్టేసి, కిటికీలు తీసి పెట్టి అప్పుడు మూత తియ్యండి. దేవుడి గదిలో దీపం కూడా కొండెక్కించి మొదలుపెట్టండి.

సొల్యూషన్ పట్టని ప్లాస్టిక్కులు ఉన్నాయి, సింకు కింద బోల్తా పడేది ఇక్కడే. చాలా బాటిల్ ట్రాపులు (సింకు కింద కొంచెం నీళ్లు నిలిపి వాసన ఆపే సీసాలాంటి ముక్కలు), వేస్ట్ పైపులు పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. దాన్ని ఈ సొల్యూషన్ కరిగించలేదు, కాబట్టి అతుక్కోదు. ఎలా గుర్తుపట్టాలంటే ముక్క మీద ఎక్కడో చిన్న త్రికోణం ముద్ర ఉంటుంది, అందులో 3 ఉంటే పీవీసీ, 5 ఉంటే పాలీప్రొపిలీన్. అలాంటి చోట నట్టూ వాషరే నీళ్లు ఆపుతాయి. వాషరు ఒక వైపు సన్నగా ఉంటుంది, ఆ సన్న వైపు నట్టు వైపుకి కాకుండా ట్రాపు లోపలికి వెళ్లాలి. చేత్తో బిగించి, ఇంకా కారితే పావు చుట్టు. పానాతో బలంగా తిప్పితే ప్లాస్టిక్ నట్టు పగులుతుంది. ఈ మరల మీద టెఫ్లాన్ టేపు చుట్టక్కర్లేదు, అక్కడ నీళ్లు ఆపేది మర కాదు, వాషరు. టేపు అవసరం కుళాయి వైపు, ప్రెషర్ ఉన్న మరలకి. పాతరోజుల్లో ఇనప పైపు మరలకి సఫేదా అనే తెల్లటి ముద్ద రాసి జనపనార చుట్టేవారు, నెల్లిమర్ల జూట్ మిల్లు ఉన్న మన జిల్లాలో నారకి కొదవ లేదు కదా, ముసలి ప్లంబర్లు ఇప్పటికీ దాన్నే నమ్ముతారు. ఇనప మరకి అది బాగానే పనిచేస్తుంది, పీవీసీ జాయింటులోకి మాత్రం తేవద్దు.

ఎపాక్సీ ముద్ద, అంటే మనం ఏ కంపెనీది అయినా ఎంసీల్ అనేసేది, తన పని తను బాగానే చేస్తుంది. రెండు ముద్దలూ సమానంగా తీసుకుని, చారలు పోయి ఒకే రంగు వచ్చేదాకా పిసకాలి, అతికించే చోటు పొడిగా, గరుకుగా ఉండాలి. కదలని ఇనప పైపు మీద చిన్న చిల్లుకి, మర దగ్గర చెమ్మకి, అర్ధరాత్రి కారుతుంటే తెల్లారేదాకా ఆపడానికి ఇంట్లో ఒక ప్యాకెట్టు ఉండాల్సిందే. రింగు జాయింటు మీద పూస్తే మాత్రం పైన చెప్పిన కథే, పైగా రేపు విప్పుకునే వీలు కూడా పోతుంది.

సిలికాన్‌కి ఒకే ఒక్క చోట మార్కులు వేస్తాను, సింకు గిన్నెకి వేస్ట్ కప్లింగ్ (నీళ్లు కిందికి దిగే చోట బిగించే ముక్క) కూర్చునే అంచు దగ్గర. అక్కడ రబ్బరు వాషరుతో పాటు పల్చగా ఒక వరస వేసి బిగిస్తే చుక్క రాదు. గాలిలో తేమతోనే గట్టిపడుతుంది కాబట్టి బయటి పొర త్వరగా ఆరినా లోపల పచ్చిగా ఉంటుంది, ఒక రోజంతా నీళ్లు పొయ్యకండి. పాత సిలికాన్ మీద కొత్తది పట్టదు, బ్లేడుతో మొత్తం గీకి తీసెయ్యాలి.

అంతా బిగించాక గోడకి ప్లాస్టరింగు చెయ్యడానికి తొందరపడొద్దు. ముందు అడ్డంగా వెళ్లే లైనుకి వాటం, అంటే వాలు చూసుకోండి, మీటరుకి దాదాపు 2 సెంటీమీటర్లు. దాదాపు మీటరుకి ఒక క్లాంపు పడాలి, లేకపోతే నీళ్ల బరువుకి పైపు మధ్యలో కుంగి ఆ బరువంతా జాయింటు మీదే పడుతుంది. తర్వాత కింద చాంబర్ దగ్గర పైపు నోటికి ప్లగ్గు పెట్టి, పైనుంచి కొంచెం పసుపు కలిపిన నీళ్లు నింపి వదిలెయ్యండి. ప్రతి జాయింటు కింద తెల్ల కాగితం ముక్క చుట్టి చూడండి, పచ్చని మరక ఎక్కడొస్తే అక్కడే లీకు. మాకు జాయింట్లన్నీ పొడిగా ఉండి, డోర్ బెండు మూత దగ్గర చెమ్మ వచ్చింది. దాని బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తే ఆగిపోయింది. ఒక వైపు పూర్తిగా బిగించి తర్వాత రెండోది బిగిస్తే కింది రబ్బరు ఒక పక్కకి నొక్కుకుపోతుంది.

వాసన వస్తోందని జాయింట్లు విప్పాలనుకునేవాళ్లు ముందు నహానీ ట్రాపులో (బాత్రూమ్ నేలలో జాలీ కింద ఉండేది) ఒక చెంబుడు నీళ్లు పోసి గంట ఆగండి. ట్రాపులో నిలిచే 50 మిల్లీమీటర్ల నీళ్లే మురికి గాలిని ఆపుతాయి. పైడితల్లి అమ్మవారి పండక్కి ఊరెళ్లి వచ్చినవాళ్ల ఇంట్లో, వాడని బాత్రూమ్‌లో ఆ నీళ్లు ఆరిపోయి కంపు లేస్తుంది, అది జాయింటు తప్పు కాదు.

గోడ బయట కనపడే లైను, సింకు కింది లైను ఎవరైనా సొంతంగా చేసుకోవచ్చు. అపార్ట్‌మెంట్లో బాత్రూమ్ టైల్స్ కింద, పల్లంగా పోసిన శ్లాబులో పూడ్చిన లైను అయితే మాత్రం పని తెలిసిన ప్లంబర్‌కే ఇవ్వండి. అక్కడ పైపు బాగుచేస్తే సరిపోదు, వాటర్ ప్రూఫింగ్ కూడా మళ్లీ చెయ్యాలి, కింది ఇంటివాళ్ల సీలింగు కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది. అప్పుడు కూడా దగ్గరుండి ఒకటే అడగండి, రింగు గాడిలో పెట్టాక పైపు దించే ముందు ఒకసారి మీకు చూపించమనండి.